అందరి చెరువు, ఎవరి పని?

పఠన భాగములు: నెహెమ్యా 3, 5 అధ్యాయములు, యెహెజ్కేలు 34:17–22



వేసవి ముదిరి చెరువులు అడుగంటు దినములలో ఒక ప్రశ్న ఊరూర వినవచ్చును. కట్ట మీద తుమ్మ మొలిచినది, తూము తలుపు తుప్పు పట్టినది, పంట కాలువ పూడినది. వీటిని ఎవరు బాగుచేయవలెను? సర్కారు చేయవలెనని కొందరు, నీటి సంఘమువారు చేయవలెనని కొందరు, ఎక్కువ పొలము గలవాడు ముందుగా పార పట్టవలెనని కొందరు అందురు. ఇంతలో మృగశిర కార్తె వచ్చును, వాన పడును, ప్రశ్న నీటిలో మునిగిపోవును. మరుసటి వేసవిని నీరు దిగగానే ఆ ప్రశ్నయే మరల బయటపడును.

ఇది పంచాయతీ వ్యవహారము గదా, దీనికిని వాక్యధ్యానమునకును పొత్తేమి అని ఎవరైన అడుగవచ్చును. పొత్తు కలదనియే మేము తలంచుచున్నాము. ఏలయనగా ఆ ప్రశ్న క్రింద మరియొక ప్రశ్న దాగియున్నది. పదిమందికిని చెందిన దాని విషయములో పొరుగువాడు తన వంతు చేయనప్పుడు, మన వంతు చేయుటకు మనము బద్ధులమా? ఇంటిలోను, సంఘములోను, ఊరిలోను ఈ ప్రశ్న మనకు ఎదురగుచునే యుండును. చెరువు గట్టున నిలిచి ఆలోచించినయెడల అది కంటికి మరింత స్పష్టముగా కనబడును.

మొదట చెరువు ఎట్లు పనిచేయునో జ్ఞాపకము చేసికొందము. వాగులలో వచ్చిన వాన నీటిని కట్ట ఆపును. తూము దానిని కాలువలోనికి విడుచును. మితిమీరిన నీరు అలుగు మీదుగా దిగువ చెరువునకు పోవును. ఈ అలుగునే తెలంగాణమువారు మత్తడి అందురు. వాగు, కట్ట, తూము, కాలువ, అలుగు, ఈ అయిదింటిలో ఒక్కటి చెడినను తక్కిన నాలుగును అక్కరకు రావు. కట్ట ఒక మైలు పొడవున గట్టిగా నుండి, ఒక్క చోట ఎలుకలు బొరియలు చేసినయెడల, నిండు వానలో గండి పడునది ఆ ఒక్క చోటనే. ఆ చోటు ఎవరి పొలమునకు ఎదురుగా నున్నదని నీరు విచారింపదు.

పూడిక సంగతి ఇంకను మెలకువగా చూడవలసినది. ఒక ఎకరము మీద ఒక అడుగు మందమున ఒండ్రుమట్టి చేరినచో 43,560 ఘనపుటడుగుల నీరు, అనగా సుమారు 12 లక్షల 33 వేల లీటర్లు, నిలుచు చోటు పోవును. ఈ నష్టము ఒక దినమున కలుగదు. ఏటేట సన్నని పొరగా చేరుచుండును. ఇది ఫలానివాని తప్పు అని వ్రేలు చూపుటకు వీలులేదు. అందరమును నిర్దోషులమని చెప్పుకొనుచుండగానే చెరువు చిన్నదగుచుండును.

మన పెద్దలు ఈ సంగతి ఎరుగనివారు కారు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు యొద్ద 1369వ సంవత్సరపు శిలాశాసనమొకటి కలదు. విజయనగర రాజవంశీయుడగు భాస్కర భవదూరుడు ఆ చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది పనివారు, రాయి మోయుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినట్లు అందు చెక్కించిరి. మంచి చెరువునకు కావలసినవేవియో చెప్పి, చెరువునకుండగల ఆరు దోషములను కూడ వ్రాయించిరి. కట్ట నుండి నీరు ఊరుట ఒక దోషము. చౌడు నేల ఒక దోషము. నీరు కొంచెమై పొలము విస్తారమగుట ఒక దోషము. వీటిని ఏ రైతైనను చెప్పగలడు. కాని వాటి నడుమ ఇంకొక దోషము కలదు: చెరువు రెండు రాజ్యముల పొలిమేరలో ఉండుట.

ఇది మట్టి దోషము కాదు, రాతి దోషమును కాదు, మనుష్యుల దోషము. గట్టున ఇద్దరు రాజులుండినయెడల నీరు పంచు దినమున ఇద్దరును వత్తురు, గండి పూడ్చు దినమున ఇద్దరును కానరారు. ఆ రాజులు పోయిరి, పొలిమేరలు మాత్రము పోలేదు. చెరువు మీద ఒక శాఖ అధికారము, చేపల పాట మరియొకరిది, శిఖము భూమి మీద ఇంకొకరి కన్ను. చేపల పాట పాడినవాడు నీరు నిలువ యుండవలెననును. ఆయకట్టు రైతు తూము ఎత్తవలెననును. శిఖములో పైరు పెట్టినవాడు అలుగు తగ్గింపవలెననును. ఒక్క చెరువు మీద ఇన్ని రాజ్యములు!

ఈ వాదములలో సాధారణముగా మూడు మాటలు వినబడును. వాటిని తేలికగా త్రోసివేయక ఒక్కొక్కటిగా తూచి చూతము.

మొదటి మాట తూము దగ్గర పొలము గలవానిది. "నా మడికి నీరు అందుచునే యున్నది, కాలువ చివర ఏమైన నాకేమి?" అని యతడనును. ఇతడు దొంగ కాడు, దుష్టుడును కాడు. కాని యెహెజ్కేలు ప్రవక్త 34వ అధ్యాయములో దేవుడు గొర్రెకును గొర్రెకును మధ్య తీర్పు తీర్చుట చూడుడి. బలిసిన గొర్రెలు తేటనీరు త్రాగి, మిగిలిన దానిని కాళ్లతో కలచి బురద చేయుచున్నవి. వెనుక వచ్చు బక్క గొర్రెలకు ఆ బురదయే గతి. అక్కడ నిందింపబడినది తోడేలు కాదు, మందలోని గొర్రెయే. అది నీరు త్రాగినందుకు కాదు, తరువాత వచ్చువానికి పనికిరాకుండ చేసినందుకు తీర్పునకు వచ్చినది. పురుగుమందు కొట్టిన పంపును చెరువులో కడుగుట, ఊరి మురుగును చెరువులోనికి త్రిప్పుట, చిరిగిన ప్లాస్టిక్ సంచులను కాలువలో విడుచుట, ఇవన్నియు నేటి కాళ్ల కలచుటయే. మురుగులోను ఎరువులలోను ఉన్న సత్తువను తిని గుర్రపుడెక్క పెరుగును; అది నీటిని కప్పివేయగా లోపలికి వెలుతురు పోదు, గాలి చాలక చేపలు చచ్చును. ఎగువవాని సౌఖ్యము దిగువవాని గిన్నెలో తేలును.

రెండవ మాట బోరు గలవానిది. "చెరువు నీరు నేను ముట్టను గనుక చెరువు పని నాది కాదు" అని యతడనును. బోర్లు పల్లెపల్లెను వ్యాపించినవి; 2004లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సేద్యమునకు ఉచిత కరెంటు ఇచ్చిన తరువాత పంపు త్రిప్పుటకు ఖర్చు చింతయు తగ్గినది. కాని చెరువు నిండిన ఏడు దాని దాపున నున్న బావులలోను బోర్లలోను నీరు పైకి వచ్చుట ఎవరెరుగరు? చెరువు నేల లోనికి ఇంకించిన నీటినే బోరు పైకి తోడుచున్నది. చేయి ముట్టకపోయినను వేరు ముట్టుచునే యున్నది. లోతునకు, ఇంకను లోతునకు పోవుదమన్నను, కొన్ని చోట్ల లోతు నీటిలో ఫ్లోరైడు అధికము. ఎముకలను వంచు ఆ వ్యాధిని నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో వైద్యులు 1937లోనే కనుగొనిరి. నేల క్రింది నీటికి హద్దురాళ్లు లేవు గనుక, చెరువుతో నాకు సంబంధము లేదని చెప్పగల రైతు చెరువు దాపున ఎవడును లేడు.

మూడవ మాట భూమి లేనివానిది. "ఆయకట్టులో నాకు ఒక్క సెంటు లేదు, చెరువు నిండిన నాకేమి, ఎండిన నాకేమి?" ఈ మాట మన సంఘములలోనే ఎక్కువగా వినబడును. దీనికి జవాబు చెప్పుటకు ముందు దీనిని శ్రద్ధగా వినవలెను. 1858లో మద్రాసు రాజధానిలో నిర్బంధ శ్రమ చట్టమొకటి పుట్టినది. కట్టకు అపాయము కలిగినప్పుడు ఊరివారిని పనికి రప్పించుటకును, మామూలుగా చేయవలసిన మరామత్తు పని చేయనివాని యొద్ద దాని వెల రాబట్టుటకును అది అధికారులకు హక్కు నిచ్చినది. మన పల్లెలలో ఆ శ్రమ ఎవరి వీపుల మీద ఎక్కువగా పడినదో, ఆ నీరు ఎవరి మడులలో పారినదో వృద్ధులు నేటికిని చెప్పుదురు. అట్టి జ్ఞాపకము గలవాడు గంప ఎత్తుటకు వెనుదీసినయెడల అతనిని సోమరి యనుట న్యాయము కాదు.

అయినను అతనికిని చెరువుతో పొత్తు కలదు. అతని గేదె అక్కడనే నీరు త్రాగును. అతని ఇల్లాలు అక్కడనే బట్టలుతుకును. నాట్లును కోతలును ఉండిననే అతనికి కూలి దొరకును. అన్నిటికంటె ముఖ్యమైనది, కట్ట తెగిన రాత్రి ముందుగా మునుగునవి పల్లములోని గుడిసెలే. లాభములో అతని వంతు చిన్నది, అపాయములో అతని వంతు పెద్దది. ఈ రెండవ సంగతిని నీటి సంఘములు తరచుగా మరచుచుండును.

ఈ మూడు మాటలు చిన్న చెరువు మీద చిన్నవిగా కనబడును. పెద్ద సరస్సు మీద వాటి ఫలమెట్టిదో కొల్లేరు చూపినది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న ఆ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు వచ్చి చేరును. నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పోవును. అందులో చేపల చెరువులకు గట్లు వేసిరి. ఒక్కొక్క గట్టు వేసినవానికి లాభమే. గట్లన్నియు కూడి నీటి దారిని అడ్డగింపగా ముంపు ఎగువవారికి చేరెను. 1999లో కొల్లేరును అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలగా రామ్సర్ జాబితాలో చేరెను. 2006లో ప్రభుత్వము యంత్రములు తెచ్చి అయిదవ కాంటూరు లోపలి గట్లను తెగగొట్టించెను. అప్పుడు నష్టపడినవారిలో ధనవంతులు ఉండిరి. ఆ గట్ల మీద కూలి చేసికొని బ్రతుకు బీదలును ఉండిరి. వేళకు కూర్చుండి మాటలాడుకొనని చోట చివరకు యంత్రములే తీర్పు చెప్పవలసి వచ్చినది.

ఇప్పుడు నెహెమ్యా గ్రంథము తెరచి చూతము. మూడవ అధ్యాయము పేర్ల పట్టికయని చాలమంది దాటిపోవుదురు. కాని అది ఒక ఊరి ఉమ్మడి పని యొక్క లెక్క. కూలిన యెరూషలేము గోడను ఎవరెవరు ఎంత మేర కట్టిరో అందు వ్రాయబడియున్నది. అనేకులు తమ తమ యిండ్లకు ఎదురుగా నున్న భాగమును కట్టిరి. ఇది సులభముగా తెలియు సంగతి. అయితే యెరికోవారును గిబియోనువారును వచ్చి కట్టిరి. వారి యిండ్లు ఆ గోడ లోపల లేవు. షల్లూము తన కుమార్తెలతో కూడ కట్టెను. తెకోవీయుల సంగతి మరింత గమనింపదగినది. వారి ప్రధానులు పనికి మెడ వంచలేదు. సామాన్యులైన తెకోవీయులు మాత్రము తమ భాగమును కట్టిరి. అంతటితో ఆగక, 27వ వచనములో వారే మరియొక భాగమును కట్టినట్లు చూచుచున్నాము.

మా పెద్దలే రాలేదు, మేమెందుకు రావలెనని వారు అడుగవచ్చును గదా? ఆ మాటకు లోకములో ఎదురు లేదు. కాని వారట్లు అడిగియుండినచో ఆ చోట గోడ లేకపోయెడిది. శత్రువు ప్రధానుల యిండ్లకే గాక అందరి యిండ్లకును వచ్చెడివాడు.

కాబట్టి మొదటి ప్రశ్నకు మా జవాబు ఇది: బద్ధులమే. పొరుగువాడు చేయలేదనుట అతని లెక్క. మన లెక్కలో అది చెల్లదు. మన వంతు పనిని మనము సోమరికి బాకీపడలేదు. కాలువ చివర నిలిచి నీటి కొరకు ఎదురుచూచుచున్నవానికి బాకీపడియున్నాము. సోమరి పని మానినందున ఆ చివరివాని దప్పిక తగ్గలేదు గదా! మనము చేసినయెడల సోమరి మడియు తడియును, నిజమే. దేవుడు వాన కురిపించునప్పుడును మంచివాని పొలము, చెడ్డవాని పొలము అని వేరుచేయడని ప్రభువు కొండమీద బోధించెను. మనము ముందు నడిచినయెడల అందరును వెంట వత్తురని మేము మాట ఇయ్యము. కొన్ని ఊళ్లలో వత్తురు, కొన్ని ఊళ్లలో రారు. వచ్చినను రాకపోయినను మన బాకీ మన బాకీయే.

అయితే ఇక్కడ ఆగినయెడల అది సగము జవాబే యగును. అంతే కాదు, అపాయకరమైన జవాబగును. ఎందుకనగా లాభము పొందువాడు బీదవానితో, నీవు లెక్క చూడక పనిచేయుమని చెప్పుట సువార్త కాదు. నెహెమ్యా తెకోవీయుల ప్రధానుల సంగతిని దాచిపెట్టలేదు. పనిచేసినవారి పేర్ల నడుమనే దానిని వ్రాసిపెట్టెను. తరువాత అయిదవ అధ్యాయములో, గోడ పని సాగుచుండగనే, పొలములు తాకట్టుపెట్టి పిల్లలను దాస్యమునకు అప్పగించిన బీదల మొర వినబడినది. ముందు గోడ కానిండు, తరువాత చూతమని నెహెమ్యా అనలేదు. సభ కూర్చి ప్రధానులను గద్దించి, పొలములను తిరిగి ఇప్పించెను. ఉమ్మడి పని పేర అన్యాయమును కప్పిపుచ్చుట అతనికి తెలియదు.

మన నీటి సంఘములకును ఇదే నీతి. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకు అప్పగించు చట్టము చేసినది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. ఆ చట్టములో ఓటు ఆయకట్టులో భూమి గలవారిది. బట్టలుతుకువారు, చేపలు పట్టువారు, పశువుల కాపరులు, పల్లపు గుడిసెలవారు ఆ ఓటులో లేరు. చట్టము ఓటు ఇయ్యని చోట నీతి చెవి యొగ్గవలెను. కట్ట మీద కూటమి జరుగునప్పుడు వారిని పిలిచి వారి మాట వినుటకు ఏ చట్టమును అడ్డురాదు.

సర్కారే అంతయు చేయవలెననువారికి ఒక మాట. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ అను పేర 46 వేలకు పైగా చెరువులను బాగుచేయుటకు పూనుకొనిరి. పూడిక తీయించుట ప్రభుత్వము వంతు. తీసిన మట్టిని తమ ఖర్చుతో పొలములకు తోలుకొనుట రైతుల వంతు. ఒండ్రుమట్టి పొలమునకు సత్తువ నిచ్చునది గనుక ట్రాక్టర్లతో తోలుకొనిరి. సర్కారు యంత్రము చెరువును ఒకసారి త్రవ్వగలదు. ప్రతి యేట బొరియలు పూడ్చుటకు, మురుగును మళ్లించుటకు, తూము తలుపునకు చమురు పెట్టుటకు ఊరివారే ఉండవలెను.

మరి మనమేమి చేయుదము? తొలకరికి ముందు ఒక దినము నిర్ణయించుకొని, ఇంటికొకరు చొప్పున కట్ట మీద నడచి చూతము. స్త్రీల సమాజమువారు కూడ రావలెను. నీటి రంగు, వాసన మారినది ముందుగా వారికే తెలియును. పని పంచునప్పుడు పొలము ఎక్కువగలవానికి ఎక్కువ భాగము, తక్కువగలవానికి తక్కువ భాగము పెట్టుదము. భూమి లేనివాడు చేసిన పనికి కూలి ఇత్తము. అతడు ఇష్టపూర్వకముగా ఇచ్చిన శ్రమను కానుకగా ఎంచుదము, మామూలుగా ఎంచరాదు. నీరు తగ్గిన ఏడు వంతులు వేయునప్పుడు కాలువ చివరివానిని మొదట అడుగుదము. వసూలైన ప్రతి రూపాయి లెక్కను అందరి యెదుట చదివింతము. మన సంఘములో సంఘపెద్దయు ఖజానాదారుడును నీటి సంఘములో సభ్యులైయున్నచో, చర్చి లెక్కకు చూపు భయభక్తులే అక్కడను చూపవలెను.

నీటి తేట చూచుటకు సులభమైన మార్గమొకటి కలదు. 1865లో ఇటలీ దేశములో ఆంజెలో సెక్కి అను పాదిరి తెల్లని పళ్లెమును త్రాటికి కట్టి నీటిలోనికి దించి, అది ఏ లోతున కంటికి మరుగగునో కొలిచెను. అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రములలో సరస్సుల గట్లను ఇండ్లు గలవారు సంఘములుగా కూడి, నేటికిని ఈ విధముననే తమ నీటిని కొలిచి వ్రాసికొనుచుందురు. మన బడిపిల్లలకు ఒక పెద్దవానిని తోడిచ్చి నెలకొకసారి ఈ పని చేయించి, తేదీతో పుస్తకములో వ్రాయించవచ్చును. రెండేండ్ల లెక్క చేతిలోనున్నప్పుడు, నీరు చెడినదా లేదా అను జగడము తగ్గి, ఎందుచేత చెడినది అను విచారణ మొదలగును.

ఆదికాండము 2వ అధ్యాయములో దేవుడు మనుష్యుని తోటలో ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించెను: సేద్యము చేయుట ఒకటి, కాచుట ఒకటి. మొదటి పనికి ఫలము మన కొట్టులోనికి వచ్చును గనుక దానిని ఎవరును చెప్పకయే చేయుదుము. రెండవ పనికి ఫలము తరచుగా ఇతరుల కొట్టులోనికి పోవును. మనము చూడని సంవత్సరములలో, మనమెరుగని పిల్లలకు చేరును. అయినను రెండును ఒకే నోట వచ్చిన ఆజ్ఞలు. మొదటి దానిని చేసి రెండవ దానిని విడిచినవాడు సగము సేవకుడే.

ఈ వేసవిలో మీ ఊరి చెరువు కట్ట మీద ఏ చోట బలహీనముగా నున్నదో వెళ్లి చూడుడి. అది మీ పొలమునకు ఎదురుగా నుండినయెడల పార తీసికొని వెళ్లుడి. మరియొకని పొలమునకు ఎదురుగా నుండినయెడల మొదట అతని యింటికి వెళ్లి, కలిసి చేయుదము రమ్మని పిలువుడి. అతడు రాకపోయినను వాన రాక మానదు గనుక ఆ చోటును విడిచిపెట్టకుడి.